లేహ్ సఫర్‌కు మూటలో ఏం కట్టుకోవాలి?



పోయిన జూన్‌లో మేం లేహ్ వెళ్లొచ్చామని తెలిసినప్పటి నుంచి రిష్తేదారులు, దోస్తులు ఒకటే సవాల్ అడుగుతున్నారు. "భాయ్, అక్కడికి వెళ్తే ఏ బట్టలు పెట్టుకోవాలి? స్వెట్టర్లు ఎన్ని? పిల్లలకేం? పెద్దవాళ్లకేం?" ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ నేను చెప్పలేదు. ఎందుకంటే అలాంటి రెండు ముక్కల జవాబు పట్టుకునే మేమూ వెళ్లాం. వెళ్లి అమ్మీ ప్రాణం మీదికి తెచ్చాం.

కర్నూలులో అప్పుడు ఎండ నలభై దాటి ఉంది. ఆ ఎండలో కూర్చుని మా బేగం అమ్మీ కోసం ఐదు స్వెట్టర్లు, మంకీ క్యాపు, రెండు జతల గ్లౌజులు, ఒక రజాయి దాకా సర్దింది. పక్కింటివాళ్లు చూసి నవ్వారు. ఢిల్లీలో పొద్దున్నే విమానం ఎక్కితే గంటన్నరలో లేహ్. దిగేసరికి ఎండ ఫెళ్లున కాస్తోంది. "ఈ మాత్రానికా ఇంత సామాన్?" అని నేనే అన్నాను. ఆ సాయంత్రమే అందరినీ వెంటబెట్టుకుని పాత రాజమహల్ దాకా కొండ ఎక్కించాను. మర్నాడు ఖార్దుంగ్ లా కనుమకు వెళ్లాలని బండి కూడా మాట్లాడి పెట్టాను.

ఆ రాత్రంతా అమ్మీకి తలనొప్పి, వాంతులు. ప్రయాణం బడలికే అనుకున్నాను. తెల్లారి బండి తెచ్చిన డ్రైవర్ చాచా లేహ్ ముసల్మానే, తెల్ల గడ్డం మనిషి. అమ్మీ మొహం చూడగానే ఇంజన్ ఆపేశాడు. "ఆపాజాన్ పెదవులు చూశావా బేటా? ఈరోజు కొండ కాదు, హాస్పిటల్‌కు పద" అన్నాడు. అక్కడ ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజులు మంచం దిగొద్దన్నారు. అల్లాహ్ దయవల్ల అమ్మీ కోలుకుంది, అల్హందులిల్లాహ్. బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని చాచా మెల్లగా ఒక మాటన్నాడు: "సామాన్ చాలా తెచ్చావు బేటా. రోజులే తక్కువ తెచ్చావు."

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక లేహ్ తారీఖ్ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేమంటే, ఆ షహర్‌కు ఏం కట్టుకుని వెళ్లాలన్నది నిన్నా మొన్నటి సవాల్ కాదు. ఐదు వందల ఏళ్లుగా సుల్తాన్లు, తాజిర్లు, హాజీలు, సిపాయిలు దానికి జవాబు వెతికారు. సరైన జవాబు తెలిసినవాళ్లు ఇల్లు చేరారు. తెలియనివాళ్లలో చాలామంది దారిలోనే ఉండిపోయారు. మీ సవాల్‌కు జవాబు ఆ తారీఖ్‌లోంచే చెబుతాను.

రేగిస్తానే, కానీ కొండ మీది రేగిస్తాన్

రేగిస్తాన్ అనగానే మనకు అరబ్ దేశాల ఇసుక, వేడి గాలి గుర్తొస్తాయి. లేహ్ కూడా రేగిస్తానే. ఏడాది మొత్తానికి పడే వాన, మంచు కలిపితే సుమారు 100 మిల్లీమీటర్లే. రాయలసీమలో కరువు ఏడాది కూడా దానికి ఎన్నో రెట్లు పడుతుంది. వాన మబ్బులను హిమాలయాలు అవతలే ఆపేస్తాయి. కానీ ఈ రేగిస్తాన్ సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే వేసవిలో పగలు 20, 25 డిగ్రీలు ఉండే చోట చలికాలపు రాత్రి సున్నాకు 20 డిగ్రీలు కిందికి కూడా పోతుంది. వేసవిలో సైతం ఎండలో నిలబడితే చెమట, నాలుగడుగులు వేసి నీడలోకి వెళ్తే వణుకు.

అక్కడ ముసాఫిర్‌కు నలుగురు దుష్మన్లు. ఒకటి ఎండ. గాలి పల్చన కాబట్టి సూర్యుడి కిరణాలు నేరుగా చర్మం మీద పడతాయి. రెండోది చలి. మూడోది పొడి గాలి, దుమ్ము. పెదవులు, ముక్కు లోపల కూడా పగిలిపోతాయి. నాలుగోది కంటికి కనిపించదు. అక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన ఊళ్లో దొరికేదానిలో మూడింట రెండు వంతులే. మొదటి మూడింటికీ లిబాస్‌తో జవాబు చెప్పొచ్చు. నాలుగోదానికి ఏ దర్జీ దగ్గరా కోటు లేదు. మా తప్పు అక్కడే జరిగింది. మాకంటే చాలా ముందు ఒక సుల్తాన్‌కూ అదే ఎదురైంది.

దమ్‌గిరి

1532లో యార్కంద్ సుల్తాన్ సయీద్ ఖాన్ లష్కర్‌ను తీసుకుని లదాఖ్ మీదికి వచ్చాడు. యార్కంద్ అంటే ఇవాళ చైనా కింద ఉన్న షిన్‌జియాంగ్‌లోని షహర్. లష్కర్‌ను నడిపించినవాళ్లలో సుల్తాన్‌కు దగ్గరి బంధువు మీర్జా హైదర్ దుగ్లాత్ ఉన్నాడు. ఈయన బాబర్ బాద్‌షాకు కూడా పినతల్లి కొడుకే. తర్వాత కశ్మీర్‌ను పదేళ్లపాటు ఏలాడు. అక్కడే ఫార్సీలో తారీఖ్-ఎ-రషీదీ అనే కితాబు రాశాడు.

ఆ కితాబులో ఆయన ఒక బీమారీ గురించి రాశాడు. దాని పేరు దమ్‌గిరి, అంటే దమ్ము పట్టేయడం. పై నేలల్లోకి వచ్చిన పరాయివాళ్లకు ఊపిరి అందదు, తల తిరుగుతుంది, వాంతులవుతాయి, చేతులు కాళ్లు వాస్తాయి, మాట తడబడుతుంది. మనుషులే కాదు, గుర్రాలు కూడా పడిపోతాయి. అక్కడ పుట్టినవాళ్లకు మాత్రం ఏమీ కాదు. ఇవాళ డాక్టర్లు కొండ జబ్బు అని చెప్పే అలామత్‌లన్నీ 480 ఏళ్ల కిందటే ఆయన కళ్లతో చూసి రాసి పెట్టాడు. చదువుతుంటే ఆ రాత్రి అమ్మీ మంచం కళ్ల ముందుకొచ్చింది.

సయీద్ ఖాన్ వచ్చేటప్పుడే జబ్బు పడ్డాడు. చలికాలం బాల్తిస్తాన్‌లో గడిపాడు. 1533లో యార్కంద్‌కు తిరిగి వెళ్తూ దారిలోనే దమ్‌గిరితో ఇంతిఖాల్ అయ్యాడు. ఆయన పోయిన చోటు దౌలత్ బేగ్ ఓల్దీ అని అంటారు. తుర్కీ భాషలో ఓల్దీ అంటే చనిపోయాడు అని. ఇవాళ మన ఫౌజు విమానాలు దిగే అదే ఊరి పేరు వార్తల్లో మీరు వినే ఉంటారు. ఆ సుల్తాన్‌కు గుర్రాలకు, డేరాలకు, ఉన్ని బట్టలకు కొదవుండదు. అయినా ఏదీ పనికి రాలేదు. లేహ్ వెళ్లేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి ఇబ్రత్ ఇది.

ఖాఫిలావాళ్లు ఏం కట్టుకునేవారు?

సుల్తాన్ లష్కర్ ఓడిన దారిలోనే తాజిర్లు మాత్రం తరాల తరబడి నడిచారు. లేహ్ నుంచి యార్కంద్‌కు పోవాలంటే ఖార్దుంగ్, సాసెర్, కారాకోరం లాంటి కనుమలు దాటాలి. ఒక్క కారాకోరం కనుమే 5,500 మీటర్ల పైన ఉంటుంది. వారాల కొద్దీ దారి. చాలా చోట్ల గడ్డి పోచ కూడా దొరకదు. దారి తెలియడానికి గుర్తులు పెట్టనక్కర్లేదు, చచ్చిపడిన గుర్రాల, ఒంటెల ఎముకలే దారి చూపేవని ఆ దారిన పోయిన ముసాఫిర్లు ఒకరి తర్వాత ఒకరు రాశారు.

యార్కంద్ నుంచి నమ్దాలు, తివాచీలు, పట్టు, చరస్ వచ్చేవి. హిందుస్తాన్ నుంచి నూలు బట్టలు, నీలిమందు, మసాలా దినుసులు, తేయాకు వెళ్లేవి. రెండు వైపుల సామాన్ చేతులు మారే షహర్ లేహ్. కశ్మీరీ, పంజాబీ, యార్కందీ, తిబ్బతీ తాజిర్లు అక్కడ కలుసుకునేవారు. వాళ్ల గుర్రాలు, ఒంటెలు దిగే త్సాస్ సోమా తోట ఉన్న చోట ఇవాళ సెంట్రల్ ఆసియన్ మ్యూజియం కట్టారు. జామా మసీదుకు దగ్గరే. వెళ్లినవాళ్లు తప్పక చూడండి.

ఈ తాజిర్ల లిబాస్ చూస్తే పొరల మీద పొరలే. ఒంటికి తగిలేలా నూలు కమీజ్. దాని మీద లోపల దూది పెట్టి కుట్టిన చపాన్. మరీ చలైతే అన్నిటి మీదా పోస్తీన్, అంటే గొర్రె తోలు కోటు. దాని ఉన్ని లోపలి వైపు, తోలు బయటి వైపు ఉంటుంది. ఉన్ని వేడిని పట్టి ఉంచుతుంది, తోలు గాలిని ఆపుతుంది. ఇవాళ దుకాణాల్లో అమ్మే మూడు పొరల సూత్రం ఇదే. లోపలిది చెమటను బయటికి పంపాలి, మధ్యది వేడిని ఆపాలి, పైది గాలిని ఆపాలి. పేర్లు మారాయి, అంతే. కింద పరుచుకోవడానికి నమ్దా. ఉన్నిని నేయకుండా తడిపి, నొక్కి, చుట్టి చేసే దళసరి పరుపు అది. నేల చలి పైకి రానివ్వదు. పగలు గుర్రం జీను కింద వేస్తారు, రాత్రి మనిషి కింద వేస్తారు.

వీటన్నిటికంటే పెద్ద సామాన్ ఇంకొకటి వాళ్ల దగ్గర ఉండేది. అది వక్త్. శ్రీనగర్ నుంచి లేహ్ చేరడానికే రెండు వారాల పైన నడిచేవారు. రోజుకు కొంత కొంత ఎత్తు ఎక్కుతుంటే ఒళ్లు మెల్లగా అలవాటు పడేది. లేహ్‌లో రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఆగేవారు. పై కనుమలు తెరుచుకున్నాకే బయలుదేరేవారు. 1948 మే 24న ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ లేహ్‌లో మొదటి విమానం దింపాడు. 1974లో లదాఖ్ టూరిస్టుల కోసం తెరుచుకుంది. ఇప్పుడు రెండు వారాల దారి గంటన్నర అయింది. కానీ మన ఊపిరితిత్తులు ఇంకా ఆ ఖాఫిలా నడకలోనే ఉన్నాయి. డ్రైవర్ చాచా చెప్పిన రోజులు ఇవే.

శాలువా మీదున్న లేహ్ ముద్ర

మన ఊళ్లలో ఎవరికైనా సన్మానం చేస్తే శాలువా కప్పుతారు. శాలువా అనే మాట ఫార్సీ 'షాల్' నుంచి వచ్చింది. జేబు, రుమాలు, పైజామా, దర్జీ కూడా అలా మన తెలుగులో కలిసిపోయిన మాటలే. ఆ షాల్ కశ్మీర్‌లో తయారైనా దాని ఊపిరి లేహ్‌కు తూర్పున ఉన్న చాంగ్‌తాంగ్ పీఠభూమిది. 4,000 మీటర్లు దాటిన ఆ చలిలో బతకడానికి అక్కడి మేకలకు పై బొచ్చు కింద మరో మెత్తటి బొచ్చు పెరుగుతుంది. అదే పష్మ్. మనిషి వెంట్రుక మందంలో ఐదారో వంతే ఉంటుంది. చలి పోయే రోజుల్లో దాన్ని దువ్వెనతో దువ్వి తీస్తారు. సుబ్‌హానల్లాహ్! ఏ చలి మనిషిని చంపుతుందో ఆ చలికి జవాబును అల్లాహ్ అక్కడి మేక ఒంటి మీదే పెట్టాడు.

ఈ పష్మ్ కోసం జంగులు జరిగాయి. 1679 నుంచి 1684 దాకా లదాఖ్‌కు, తిబ్బత్‌కు లడాయి నడిచింది. లదాఖ్ రాజు కశ్మీర్‌లోని మొగల్ సుబేదార్ మదద్ అడిగాడు. మొగల్ ఫౌజు వచ్చి తిబ్బతీలను వెనక్కి నెట్టింది. 1684లో తింగ్‌మోస్‌గాంగ్ దగ్గర సులహ్ కుదిరింది. పడమటి తిబ్బత్ పష్మ్ అంతా లదాఖ్ చేతుల మీదుగా కశ్మీర్‌కే చేరాలన్నది అందులో ఒక షరతు. ఒక బట్ట తానుకు పనికొచ్చే బొచ్చు గురించి రెండు రాజ్యాలు కాగితం రాసుకున్నాయంటే దాని ఖద్ర్ ఎంతో ఆలోచించండి.

లేహ్ బజారు మధ్యలో ఉన్న జామా మసీదు దీనికి కొంచెం ముందుది, 1666-67 నాటిది. ఔరంగజేబ్ ఆలంగీర్‌తో కుదిరిన మాట ప్రకారం బౌద్ధ రాజు దెల్దన్ నాంగ్యాల్ కాలంలో అది లేచింది. ఇవాళ ఉన్న ఇమారత్ తర్వాత మళ్లీ కట్టింది. జుమా నాడు నేనూ అక్కడ నమాజ్ చదివాను. సఫ్‌లో నా పక్కన నిలబడ్డ ముసలాయన ఒంటి మీద మెరూన్ రంగు పొడవాటి అంగీ, నడుముకు గట్టిగా చుట్టిన దట్టీ. బయటికొచ్చి చూస్తే గొంపా నుంచి వస్తున్న బౌద్ధ తాతకూ అదే అంగీ, అదే దట్టీ.

గోంచాకు మజ్‌హబ్ లేదు

ఆ అంగీ పేరు గోంచా. నంబూ అనే ఇంట్లో నేసిన ఉన్ని బట్టతో కుడతారు. నంబూ సన్నటి పట్టీలుగా వస్తుంది, పట్టీలను కలిపి కుట్టి అంగీ చేస్తారు. నడుముకు స్కెరాగ్ అనే దట్టీ కడితే దాని పైన ఛాతీ దగ్గర ఒక సంచీలా ఏర్పడుతుంది. తాగే కప్పు నుంచి చిల్లర దాకా అందులోనే. కాళ్లకు పాబు అనే ఉన్ని బూట్లు. ఆడవాళ్లు వీపు మీద లోక్‌పా అనే మేక తోలు వేసుకుంటారు, బొచ్చు లోపలికి ఉంటుంది. ఎక్కువ చలి తగిలేది, బరువు మోసేది వీపే కాబట్టి దానికి కాపు.

లేహ్‌లో స్థిరపడిన కశ్మీరీ, యార్కందీ తాజిర్లు అక్కడి ఆడపిల్లలను నికాహ్ చేసుకున్నారు. వాళ్ల ఔలాద్‌ను అర్గోన్లు అన్నారు. వాళ్ల దస్తర్‌ఖాన్ మీద యార్కంద్ పులావూ, లదాఖ్ ఉప్పు చాయ్ రెండూ ఉండేవి. లదాఖ్ రాజవంశంలోనే ఒక రాణి బాల్తిస్తాన్ ముసల్మాన్ షహజాదీ, గ్యాల్ ఖాతూన్. తొమ్మిది అంతస్తుల లేహ్ రాజమహల్‌కు పేరు తెచ్చిన సెంగె నాంగ్యాల్ ఆమె కొడుకే. మొదటి రోజే నేను అమ్మీని ఎక్కించిన ఆ మహల్ ఒక ముసల్మాన్ అమ్మీ కొడుకుదని అప్పుడు నాకు తెలియదు.

ఇంకో రివాజు చెబితే మీరు నమ్మరు. 1684 సులహ్ తర్వాత మూడేళ్లకోసారి లేహ్ నుంచి లాసాకు లోప్‌చాక్ అనే ఖాఫిలా కానుకలు తీసుకుని వెళ్లేది. దలైలామాకు సలాం చెప్పే బౌద్ధ ఖాఫిలా అది. దాన్ని నడిపే జిమ్మేదారీ తరాలపాటు లేహ్‌లోని ముసల్మాన్ ఖ్వాజా ఖాందాన్ చేతుల్లో ఉండేది. ఆ ఖాందాన్‌కు చెందిన అబ్దుల్ వాహిద్ రాధూ 1942లో ఆ ఖాఫిలాతో లాసా వెళ్లి, తర్వాత ఆ సఫర్ గురించి కితాబు రాశాడు. తస్బీహ్ వేరు, దారి ఒకటే. చలి అందరికీ ఒకటే. లిబాస్ కూడా ఒకటే.

ఆ లిబాస్ లేనివాళ్లకు ఏమైందో కూడా తారీఖ్ చెబుతుంది. 1834లో జమ్మూ డోగ్రా సిపహ్‌సాలార్ జోరావర్ సింగ్ లదాఖ్‌ను గెలిచాడు. ఆ ఊపులో 1841లో లేహ్ మీదుగా పడమటి తిబ్బత్ దాకా వెళ్లాడు. వేసవిలో గెలుపు సులువుగానే వచ్చింది. డిసెంబర్ వచ్చేసరికి కొండ కింది నుంచి వచ్చిన ఆ సిపాయిల చేతులు, కాళ్లు మంచుకు చచ్చుబడిపోయాయి. వేడి కోసం తుపాకుల కట్టెలు కూడా కాల్చుకున్నారు. 12 డిసెంబర్ నాడు జోరావర్ సింగ్ లడాయిలో పడిపోయాడు. ఆయన బహాదురీ గురించి ఎవరికీ షక్ లేదు. కానీ ఆ నేల మీద బహాదురీ కంటే ముందు ఒంటి మీది గుడ్డనే అడుగుతుంది చలి.

హాజీల దారి

చదివినదాంట్లో నా కళ్లు తడిసిన చోటు ఇదే. యార్కంద్, కాష్గర్ ముసల్మాన్లు హజ్‌కు ఈ దారినే వచ్చేవారు. కారాకోరం దాటి లేహ్, జోజి లా దాటి శ్రీనగర్, అక్కడి నుంచి పంజాబ్, రైలెక్కి బొంబాయి లేదా కరాచీ, ఓడెక్కి జిద్దా. శ్రీనగర్ సఫాకదల్‌లో వాళ్లు దిగే యార్కందీ సరాయి పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు మంచు కోసం పోస్తీన్, చపాన్, ఉన్ని టోపీ, దళసరి బూట్లు. బొంబాయి వేడికి అవన్నీ భారమే. ఒక్కో మజిలీ దాటేకొద్దీ పొరలు తగ్గుతూ పోయేవి. చివరికి మీఖాత్ దగ్గర కుట్టు లేని రెండు తెల్ల గుడ్డలే మిగిలేవి. మనం కూడా అక్కడ అవే కట్టుకుంటాం. హైదరాబాద్ నుంచి విమానంలో ఆరు గంటల్లో వెళ్లినా అవే, కారాకోరం దాటి నెలల తరబడి నడిచినా అవే.

1949లో చైనాలో హుకూమత్ మారాక ఆ సరిహద్దు మూసుకుపోయింది. ఖాఫిలాలు ఆగిపోయాయి. ఇటు ఉన్న యార్కందీలు ఇటే ఉండిపోయారు. అటు ఉన్న వాళ్ల తల్లిదండ్రులు, అన్నదమ్ములు అటే ఉండిపోయారు. తర్వాతి వేసవికి వస్తామని చెప్పి వచ్చినవాళ్ల కోసం ఆ వేసవి మళ్లీ రాలేదు.

మన తెలుగువాళ్లకు తెలిసిన ఒక పేరు కూడా ఈ దారిదే. గులాం రసూల్ గల్వాన్ లేహ్‌లో పుట్టిన ముసల్మాన్, పేద ఇంటి బిడ్డ. చిన్న వయసులోనే దొరల సామాన్ మోస్తూ, గుర్రాలు తోలుతూ పామీర్, తిబ్బత్, యార్కంద్ దారులు తిరిగాడు. తర్వాత లేహ్‌లో ఆక్సఖాల్ అయ్యాడు. తెల్ల గడ్డం అని దాని అర్థం, ఖాఫిలాల వ్యవహారం చూసే పెద్ద అన్నమాట. తనకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో జీవిత కథ రాస్తే 1923లో అచ్చయింది. 1925లో ఇంతిఖాల్ అయ్యాడు. లేహ్‌కు చాలా దూరాన ఒక నదికి ఆయన పేరే ఉంది. 2020 జూన్ 15 రాత్రి ఆ గల్వాన్ లోయలోనే సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ప్రాణం విడిచాడు. ఆ రోజు మన ప్రతి ఇంట్లో టీవీ ఆ పేరే చెప్పింది. అది సామాన్ కట్టి, మనుషులను క్షేమంగా కొండ దాటించిన ఒక ముసల్మాన్ పేరని ఎంతమందికి తెలుసు?

ఇక మన మూట

ఇప్పుడు మీ సవాల్‌కు జవాబు. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలో వెళ్లేవాళ్లకే ఇది. చలికాలం సంగతి వేరు, చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో ఆ సాహసం వద్దు.

మొదట రోజులు సర్దుకోండి. విమానంలో వెళ్తే మొదటి రెండు రోజులు పూర్తిగా ఆరాం. ఎక్కడం, పరుగులు, బరువులు ఏవీ వద్దు. నీళ్లు ఎక్కువ తాగండి. మూడో రోజు షహర్ చూడండి. పై కనుమలు ఆ తర్వాతే. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. ఊపిరి ఆడకపోయినా, మాట తడబడినా, నడక తూలినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి, కిందికి. గుండె, ఊపిరితిత్తుల బీమారీ ఉన్నవాళ్లు, గర్భిణీలు డాక్టర్ ఇజాజత్ లేకుండా టికెట్ కొనొద్దు. కొండ జబ్బుకు ముందే వేసుకునే మాత్ర ఒకటుంది, అదీ డాక్టర్ చెబితేనే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇక బట్టలు. ఐదు స్వెట్టర్లు వద్దు. మనిషికి రెండు జతల థర్మల్స్, ఒక ఉన్ని స్వెట్టర్ లేదా ఫ్లీస్, గాలి ఆపే జాకెట్ ఒకటి చాలు. పొద్దున అన్నీ వేసుకోండి, మధ్యాహ్నం ఒక్కొక్కటి తీయండి, అస్ర్ దాటాక మళ్లీ వేసుకోండి. ఒంటికి తగిలే పొర నూలుదైతే చెమట పట్టి తడిగా ఉండిపోతుంది, ఆ తడే రాత్రికి చలవుతుంది. చెవులు మూసే ఉన్ని టోపీ, ఎండకు అంచున్న టోపీ, రెండూ కావాలి. నల్ల కళ్లద్దాలు షోకుకు కాదు, పిల్లలకు కూడా తప్పనిసరి. సన్‌స్క్రీన్, పెదవులకు బామ్, ముక్కులో రాయడానికి వాజిలిన్ పెట్టుకోండి. మసీదులకు, గొంపాలకు మెట్లు ఎక్కాలి కాబట్టి అలవాటైన బూట్లే వేసుకోండి, కొత్తవి వద్దు.

మన ఆడవాళ్లకు ఒక మాట. బుర్ఖా వేసుకునేవాళ్లు జాకెట్ లోపల వేసుకునేంత వదులుగా ఉన్నది తీసుకెళ్లండి. మా బేగం పల్చటి నైలాన్ నిఖాబ్ బదులు మెత్తటి ఉన్ని స్కార్ఫ్ కట్టుకుంది. దుమ్ము, చలి, పర్దా, మూడింటికీ అదే సరిపోయింది. దుపట్టాను ముక్కు మీదుగా చుట్టుకుంటే పొడి గాలి కొంత తడిగా లోపలికి వెళ్తుంది. అక్కడి ఆడవాళ్లూ అదే చేస్తారు.

ఇంకొకటి, ఏ ఫెహరిస్తులోనూ కనిపించనిది: ఖుఫ్ఫైన్, అంటే తోలు మేజోళ్లు. తెల్లవారుజామున ఆ చల్లటి నీళ్లలో కాళ్లు కడగడం పెద్దవాళ్లకు ఇంతిహానే. పూర్తి వుజూ చేసి ఖుఫ్ఫైన్ తొడుక్కుంటే ముసాఫిర్‌కు మూడు పగళ్లు, మూడు రాత్రుల దాకా వాటి మీద మసహ్ చేసే రుఖ్‌సత్ ఉంది. బుఖారీ, ముస్లింలలో హజ్రత్ ముగీరా బిన్ షుఅబా రజియల్లాహు అన్హు రివాయత్ ఉంది. ఒక సఫర్‌లో రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం సన్నటి చేతులున్న షామ్ జుబ్బా వేసుకున్నారు. వుజూకు చేతులు పైకి రాకపోతే జుబ్బా కింది నుంచి తీసి కడుక్కున్నారు. ముగీరా ఖుఫ్ఫైన్ తీయబోతే వద్దని, వాటి మీదే మసహ్ చేశారు. సఫర్‌లో లిబాస్ ఎలా ఉండాలో, దీన్ ఎంత ఆసాన్‌గా ఉందో ఆ ఒక్క రివాయత్‌లోనే ఉంది. మామూలు పల్చటి సాక్సుల మీద మసహ్ గురించి మీ ఇమామ్ సాబ్‌ను అడిగి వెళ్లండి.

మూడో రోజు సాయంత్రం అమ్మీ లేచి కూర్చుంది. డ్రైవర్ చాచా వాళ్లింటి నుంచి ఉప్పు చాయ్ ఫ్లాస్కులో తెచ్చాడు. అమ్మీ రెండు గుటకలు తాగి మొహం చిట్లించింది, తర్వాత కప్పు ఖాళీ చేసింది. చాచా వాళ్ల ఇంటామె పంపిందని ఒక పాత ఉన్ని షాల్ అమ్మీ భుజాల మీద కప్పి, "ఆపాజాన్, ఇది లేహ్ సన్మానం" అన్నాడు. మేం కర్నూలు నుంచి మోసుకెళ్లిన ఐదు స్వెట్టర్లలో మూడు మడత కూడా విప్పలేదు. వచ్చేముందు వాటిని చాచా వాళ్ల మనవరాళ్లకు ఇచ్చి వచ్చింది అమ్మీ.

వెళ్లేవాళ్లు వెళ్లండి, తప్పక వెళ్లండి. సామాన్ తగ్గించుకోండి, రోజులు పెంచుకోండి. త్సాస్ సోమా దగ్గర నిలబడినప్పుడు ఆ దారిన వెళ్లి తిరిగి రాని ముసాఫిర్ల కోసం ఒక ఫాతిహా చదవండి. అల్లాహ్ మీ సఫర్ ఆసాన్ చేయుగాక. ఆమీన్.